యుద్ధానంతర బ్రిటిష్ చలనచిత్రములు: వానిని చదువు విధము

చలనచిత్రము వినోదమునకే గాని విద్యకు గాదని పెద్దలలో ననేకుల యభిప్రాయము. పాఠశాలా పత్రికలో సినిమాను గూర్చి వ్యాసమేల యని తల్లిదండ్రులు కొందరు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినను ఇంటింట తెర యున్న యీ కాలమున బాలురు చిత్రములు చూడకుండ నాపుట యెవరి తరమును గాదు. కాని చూచుట వేరు, చదువుట వేరు. ప్రొద్దు పోక కథాపుస్తకపు పుటలు త్రిప్పువాడును, దానినే పాఠముగా జదువు విద్యార్థియు ఒకే గ్రంథమును చేతబట్టినను, ఇద్దరు పొందు ఫలమొకటి గాదు. చిత్రము విషయమునను నింతే. చదువ నేర్వనివానిని చిత్రము తన యిచ్చవచ్చినట్లు నవ్వించును, ఏడ్పించును, నమ్మించును. చదువ నేర్చినవాడు నవ్వుచునే, ఏడ్చుచునే, తన్ను నమ్మించుచున్న దెవరో, ఏ యుపాయమున నమ్మించుచున్నారో కనిపెట్టగలడు. ఈ నేర్పు మన విద్యార్థుల కవసరమని తలచి యీ పాఠమును వ్రాయుచున్నాము.

ఇందుకు ఉదాహరణములుగా 1945 మొదలు 1949 వరకు బ్రిటన్ దేశమున వెలువడిన యైదు చిత్రములను గైకొంటిమి. ఇవి పాతవి. ఒక్కటి తప్ప నన్నియు నలుపు తెలుపులలోనే యున్నవి. నేటి చిత్రములవలె వేగముగ బరుగెత్తవు. అందుచేతనే యివి క్రొత్తగా నేర్చువారికి దగినవి. నిలిచి చూచుటకు వీనియందు దావు కలదు.

ఆనాటి పరిస్థితి

చిత్రమును జదువుటకు ముందు అది పుట్టిన యింటిని దెలిసికొనవలెను. 1945 లో యుద్ధము ముగిసెను. బ్రిటన్ గెలిచెను గాని గెలిచిన యింట గిన్నెలు నిండలేదు. బాంబులకు గూలిన యిండ్ల గోడలు లండను వీధులలో నట్లే నిలిచియుండెను. యుద్ధకాలమున సయితము రేషను లేని రొట్టెకు 1946 జూలైలో రేషను విధించిరి. అది రెండేండ్లు సాగెను. ఆహారపదార్థముల రేషను పూర్తిగా దొలగుటకు 1954 వచ్చెను. రేషను కార్డనగా నేమో మన తెలుగిండ్లలో వివరింప నక్కరలేదు గదా.

బొగ్గు చాలని ఆ చలిదినములలో జనులు సినిమాహాళ్ళకు బోయి కూర్చుండెడివారు. 1946 సంవత్సరమున ఆ దేశములో 163 కోట్లకు పైగా టిక్కెట్లు అమ్ముడుపోయెను. అనగా పిల్లలు, ముసలివారు సహితముగా ఒక్కొక్కరు సగటున ఏడాదికి 30 మార్లకు పైగా సినిమాకు వెళ్ళిరన్నమాట. అంతటి సంఖ్య మరి యెన్నడును రాలేదు.

వారు చూచిన చిత్రములలో పెక్కులు అమెరికావి. వాని కిచ్చు సొమ్ము డాలర్లుగా దేశము దాటిపోవుచుండెను. ఖజానాలో డాలర్లు అడుగంటగా, 1947 ఆగష్టులో బ్రిటిష్ ప్రభుత్వము దిగుమతి చిత్రములపై నూటికి 75 వంతుల సుంకమును విధించెను. హాలీవుడ్ సంస్థలు కోపించి క్రొత్త చిత్రములను బంపుట మానివేసెను. 1948 మార్చిలో రాజీ కుదిరినది. ఆ నడుమ తెరలను నింపు భారము స్వదేశపు స్టూడియోలపై బడెను.

ఆ స్టూడియోలలో బెక్కింటికి యజమాని జె. ఆర్థర్ ర్యాంక్ అను నాయన. ఆయన 1888 లో హల్ నగరమున బుట్టెను. పిండిమరల వ్యాపారము వారి యింటి వృత్తి. ఆయన మెథడిస్టు సంఘమునకు జెందినవాడు. ఆదివారపు బడిలో పిల్లలకు బోధించువాడు. పిల్లలకు బోధించుటకు మంచి చిత్రములు లేవని తలచి, 1930 తరువాతి సంవత్సరములలో ఆ పనికి బూనుకొని, క్రమముగా ఆ దేశపు సినిమా పరిశ్రమ కంతటికి పెద్దయయ్యెను. బడికిని సినిమాకును సంబంధమేమి యనువారికి ఈయన జీవితమే యొక సమాధానము.

ఇక పాఠములు. వీని నన్నిటిని గలుపు సూత్రమును ముందే చెప్పుచున్నాము: చిత్రమును జదువుట యనగా తెరపై నున్న దానిని జూచుట మాత్రమే గాదు, తెరపై బెట్టక విడిచిన దానిని గూడ వెదకుట.

మొదటి పాఠము: ఒకే దృశ్యము రెండుమార్లు

1945 లో డేవిడ్ లీన్ దర్శకత్వమున వచ్చిన ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్’ అను చిత్రమునకు కొద్దిపాటి కలయిక యని యర్థము. నోయెల్ కవర్డ్ వ్రాసిన చిన్న నాటకము దీనికి మూలము. రైల్వేస్టేషను దృశ్యములను ఉత్తర ఇంగ్లండులోని కార్న్‌ఫర్త్ అను జంక్షనులో దీసిరి. అప్పటికి యుద్ధము ముగియలేదు. రాత్రివేళ దీపములు వెలిగించుట ప్రమాదము. ఆ యూరు శత్రువిమానములకు దూరమగుటచే, హెచ్చరిక వచ్చిన వెంటనే దీపము లార్పుటకు వ్యవధి యుండునని దాని నెన్నుకొనిరి.

కథ చిన్నది. భర్తయు, ఇద్దరు పిల్లలును గల గృహిణి లారా. వైద్యుడు అలెక్ సయితము సంసారియే. స్టేషను ఫలహారశాలలో వీరికి బరిచయమగును. ఆ పరిచయము ప్రేమగా మారుచున్నదని తెలిసి, తమ తమ యిండ్లవారిని దలచుకొని, ఇద్దరును ఎప్పటికిని విడిపోవుదురు. 

చిత్రారంభముననే వారు కూర్చుండియున్న బల్ల మనకు గనబడును. ఇంతలో వదరుబోతు స్నేహితురాలొకతె వచ్చి మాటలు కుమ్మరించును. ఆ పెద్దమనిషి లేచి, లారా భుజముపై చేయి యుంచి, రైలునకు వెళ్ళిపోవును. మొదటిసారి చూచునప్పుడు మనకది యొక సామాన్య మర్యాదవలె దోచును. చిత్రాంతమున అదే దృశ్యము మరల వచ్చును. ఇప్పుడు మనకు కథ తెలియును. ఆ చేయి కడపటి వీడుకోలనియు, ఆ వదరుబోతువలన వారికి ఒక్కమాటయైన జెప్పుకొన వీలు లేకపోయెననియు నెరుగుదుము. నటులు వారే, బల్ల యదే. మారినది మన తెలివి.

విద్యార్థులు ఇందు గ్రహింపవలసిన దేమనగా, మనము ప్రతిదినము చూచు మనుష్యుల విషయమునను నింతే. వారి భుజముపై నున్న చేయి యెట్టిదో మన మెరుగము. ఎరుగకయే తీర్పు చెప్పుచుందుము.

రెండవ పాఠము: గ్రంథమునుండి తెరకు

చార్లెస్ డికెన్స్ 1860–61 సంవత్సరములలో పత్రికలో వారము వారము ప్రకటించిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ నవలను డేవిడ్ లీన్ 1946 లో చిత్రముగా దీసెను. దీనిలోని ఛాయాగ్రహణమునకు గై గ్రీన్, రంగాలంకరణమునకు జాన్ బ్రయన్, విల్‌ఫ్రెడ్ షింగిల్‌టన్‌లు అమెరికాలో ఆస్కారు బహుమతులను బొందిరి. నవలను జదివినవారు దీని మొదటి కొన్ని నిమిషములను తప్పక చూడవలెను.

పిప్ అను తల్లిదండ్రులు లేని బాలుడు బురదనేలల గట్టు వెంబడి పరుగెత్తి శ్మశానమునకు వచ్చును. గాలి వీచుచుండును. ఎండిన చెట్టుకొమ్మలు కిరకిరలాడును. పిల్లవాడు భయపడి చుట్టును జూచును, ఏమియు లేదు. మనమును అతనితో బాటు ఊరడిల్లుదుము. అతడు లేచి పారిపోబోవ, కెమేరా యతనితో దిరుగును. అంతలో సంకెళ్ళతో నున్న భయంకరాకారు డొకడు ఎదుట నిలిచియుండును. పిల్లవాడు సరిగా వాని చేతులలో బడును.

గ్రంథకర్త ఈ భయమును మాటలతో గలిగించెను. దర్శకుడు దానినే గాలిధ్వనితోను, నిశ్శబ్దముతోను, ఒక్క మలుపుతోను గలిగించెను. నవలలోని మాటలన్నిటిని తెరపైకి దెచ్చినచో చిత్రము పాడగును. ఏ మాటలను విడిచెను, విడిచిన వానికి బదులేమి యుంచెను అని వ్రాసికొనుడు. ఒక భాషనుండి మరియొక భాషకు అనువాదము చేయువాని కష్టమిదియే.

మూడవ పాఠము: చూపని రోగులు

కెరొల్ రీడ్ దర్శకుడుగా, గ్రాహమ్ గ్రీన్ రచయితగా 1949 లో వెలువడిన ‘ది థర్డ్ మాన్’, అనగా మూడవ మనిషి, ఈ యైదింటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. 1999 లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారు సేకరించిన యభిప్రాయములలో నూరు బ్రిటిష్ చిత్రములందు దీనికి మొదటి స్థానము వచ్చెను. ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్’ రెండవది.

యుద్ధములో శిథిలమై, నాలుగు రాజ్యముల సైన్యముల యేలుబడిలో నున్న వియన్నా నగరము దీని రంగస్థలము. హాలీ మార్టిన్స్ అను అమెరికా రచయిత తన బాల్యమిత్రుడు హారీ లైమ్‌ను వెదకికొనుచు అచ్చటికి వచ్చును. మిత్రుడు చనిపోయెనని చెప్పుదురు. తుదకు దెలియున దేమనగా, లైమ్ బ్రతికియే యున్నాడు. దొంగిలించిన పెనిసిలిన్ మందును గల్తీ చేసి యమ్మి ధనము గడించుచున్నాడు. ఆ మందు వాడిన పిల్లలు చనిపోయిరి. కొందరు బుద్ధి చెడి మిగిలిరి. స్నేహితుని బట్టియిచ్చుటకు సాయపడుమని పోలీసు అధికారి మార్టిన్స్‌ను గోరును.

మార్టిన్స్ వెనుకాడును. అప్పుడా యధికారి యతనిని పిల్లల యాసుపత్రికి గొనిపోవును. అచ్చట కెమేరా చేసిన పనిని గమనింపుడు. ఒక్క పిల్లవాని ముఖమునైన మనకు జూపదు. మంచముల వైపు వంగి చూచుచున్న మార్టిన్స్ ముఖమును, నర్సు విడిచిన యెలుగుబంటి బొమ్మను మాత్రమే చూపును. చూచినదానికంటె చూడనిది మనసును ఎక్కువగా గలచివేయును. పిల్లల బాధను జూపి మన కన్నీటిని గొనుట దర్శకునికి సులభమే, అతడట్లు చేయలేదు. ఇది కళలోని మర్యాద.

రాబర్ట్ క్రాస్కర్ కెమేరాను వంచి పట్టుటచే వీధులు ప్రక్కకు ఒరిగినట్లుండును. సరియైనది యేదో తోచని మార్టిన్స్ మనసున కది తగిన రూపము. సంగీతమున కొక్కటే వాద్యము, జిథర్ అను తంత్రీవాద్యము. వియన్నాలోని పానశాలలో వాయించుకొనుచున్న ఆంటన్ కారస్‌ను దర్శకుడు కనుగొని ఆ పనికి నియోగించెను. పెద్ద వాద్యబృందము లేకయే ఆ సంగీతము లోకమంతట మ్రోగెను.

ఇచ్చట మన విద్యార్థులకు నిజమైన ప్రశ్న యొకటి యెదురగును. మార్టిన్స్ చేసినది మిత్రద్రోహమా, ధర్మమా? మన భారతమున కర్ణుడు దుర్యోధనుని విడువలేదు. రామాయణమున విభీషణుడు అన్నను విడిచెను. ఇరువురిని మనవారు మెచ్చుకొనుచునే యున్నారు, ఇరువురిని నిందించుచునే యున్నారు. ఈ చిత్రమును తీర్పు సులభముగా జెప్పదు. లైమ్‌ను బ్రేమించిన యువతి ఆనా, కడపటి దృశ్యమున శ్మశానపు పొడవైన బాట వెంబడి నడచివచ్చి, తన కొఱకు నిలిచియున్న మార్టిన్స్ వైపు కన్నెత్తియైన చూడక సాగిపోవును. కథ సుఖాంతముగా నుండవలెనని రచయిత గ్రీన్ మొదట తలచెను, దర్శకు డొప్పుకొనలేదు. దర్శకునిదే సరియైన యూహ యని గ్రీన్ తరువాత నంగీకరించెను. ధర్మము చేసినవానికి మెప్పు దొరకవలెనను నియమము లేదు. మెప్పు దొరకకున్నను అది ధర్మమగునా యని ఆలోచింపుడు.

నాలుగవ పాఠము: నవ్వులోని నీతి

లండనునకు బడమటనున్న ఈలింగ్ స్టూడియోలో మైకేల్ బాల్కన్ యాజమాన్యమున 1949 లో ‘పాస్‌పోర్ట్ టు పిమ్లికో’ అను హాస్యచిత్రము తీయబడెను. రచయిత టి. ఇ. బి. క్లార్క్, దర్శకుడు హెన్రీ కార్నీలియస్. పిమ్లికో లండనులో నొక పేట. పేలక మిగిలిన బాంబొకటి పేలగా, భూమిలో నిధియు, ప్రాచీన శాసనమొకటియు బయల్పడును. దానినిబట్టి ఆ పేట ఇంగ్లండునకు జెందినది గాదు, బర్గండీ రాజ్యమునకు జెందినదని తేలును! పేటవారు సంతోషముతో రేషను పుస్తకములను చింపివేయుదురు. తమకు చట్టము లేదనుకొందురు. మరునాటికి దొంగవ్యాపారులందరు అచ్చట మూగుదురు. ప్రభుత్వము సరిహద్దును మూసివేయగా నీటికిని ఆహారమునకును గష్టము గలుగును. అప్పుడు తక్కిన లండను వాసులు కంచెపైనుండి వారికి రొట్టెలు మొదలగునవి విసరుదురు. తుదకు పేటవారు మరల ఇంగ్లండులో గలియుదురు. మరల రేషను పుస్తకములు పొందుదురు. పొందిన వెంటనే వాన కురియును, చలి వచ్చును. జనులు నవ్వుదురు.

పేట పేరు పిమ్లికోయైనను, చిత్రమును లాంబెత్‌లోని బాంబు పడిన చోట దీసిరి. శిథిలములను సృష్టింప బనిలేకపోయెను; అవి నిజమైనవే. రేషనుతో విసిగియున్న జనులకు రేషను లేని స్వర్గమును జూపి, అది స్వర్గము గాదని వారిచేతనే నవ్వుచు ఒప్పించుట యీ చిత్రపు నేర్పు. కొరతను అందరు సమముగా బంచుకొనుట దండనగాదు, ఒకరికొకరు చేయు మర్యాద యని యిందలి భావము. ఎచ్చటను ఉపన్యాసము లేదని గమనింపుడు.

ఐదవ పాఠము: మనలను గూర్చి యితరులు తీసిన చిత్రము

కడపటిది మనకు మిక్కిలి సమీపమైనది. ‘బ్లాక్ నార్సిసస్’ అను రంగుల చిత్రమును మైకేల్ పవెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్‌లు 1947 లో విడుదల చేసిరి. బాల్యమును బంగాళాదేశములో గడపిన రూమర్ గాడెన్ 1939 లో వ్రాసిన నవల దీనికి మూలము. ఐదుగురు క్రైస్తవ సన్న్యాసినులు హిమాలయములలో పాతబడిన రాజభవనమున బడియు, ఔషధశాలయు నెలకొల్ప వత్తురు. అచ్చటి ప్రభువు, జనులు బడికి వచ్చుటకు వారికి డబ్బిచ్చును. ఒక పసిబిడ్డ మరణింపగా, జనులు రాక మానివేయుదురు. సన్న్యాసినులలో నొకతెకు మతి చలించును. వానలు రాకముందే వారు తిరిగి వెళ్ళిపోవుదురు.

ఇందలి హిమాలయములు హిమాలయములు గావు. చిత్రబృందము భారతదేశమునకు రానేలేదు. లండను సమీపమున పైన్‌వుడ్ స్టూడియోలోను, ఇంగ్లండులోని యొక తోటలోను అంతయు దీసిరి. కొండలును లోయలును గాజుపలకలపై వేసిన చిత్తరువులు. జాక్ కార్డిఫ్ ఛాయాగ్రహణమునకును, ఆల్ఫ్రెడ్ యూంగె రంగాలంకరణమునకును ఆస్కారు బహుమతులు వచ్చినవి. ఆ సౌందర్యము మెచ్చదగినది, మేమును మెచ్చుచున్నాము.

అయినను పాఠకుడు కన్ను దెరచి యుండవలెను. కొండజాతి బాలిక కాంచి వేషమును జీన్ సిమన్స్ అను ఆంగ్లకన్య ముఖమునకు రంగు పూసికొని ధరించెను. మైసూరు సీమలో బుట్టిన సాబు ఒక్కడే ముఖ్యపాత్రలలో భారతీయుడు. సన్న్యాసినుల మనసులోని కలత మనకు చక్కగా దెలియును. బిడ్డను గోల్పోయిన తల్లి మనసులో నేమున్నదో దాదాపు తెలియదు. గ్రామస్థులు బడి కేల రాలేదో వారి నోట మనము వినము. సూత్రమును మరల దలచుకొనుడు: తెరపై లేనిదానిని వెదకుడు. ‘ది థర్డ్ మాన్’ దర్శకుడు పిల్లలను మర్యాదకై చూపలేదు. ఇచ్చట ఆ తల్లిని చూపకపోవుట మర్యాద గాదు. ఆమెను గూర్చి యడుగవలెనని తోచకపోవుటయే. చూపకుండుట లన్నియు నొకటి గావు. ఈ భేదమును దెలిసికొనుటయే చదువు.

ఇంకొక మాటయు న్యాయముగా జెప్పవలెను. సేవచేయ వచ్చినవారు తాము వచ్చిన చోటిని, అచ్చటి మనుష్యులను దెలిసికొనక పోయినచో, సత్సంకల్పము మాత్రమే చాలదని యీ చిత్రము తెల్లవారికే చెప్పినది. అది 1947 మేలో లండనులో విడుదలయ్యెను. ఆగష్టులో భారతదేశము స్వతంత్రమయ్యెను. ఆ వానకు ముందటి ప్రయాణమును నాటి ప్రేక్షకులు ఏ తలపుతో జూచిరో ఊహింపుడు. బడులు నడుపు మనకందరకును ఆ హెచ్చరిక నేటికిని వర్తించును.

అభ్యాసము

విద్యార్థులు ఒక్క చిత్రమును మూడుమార్లు చూడవలెను. మొదటిసారి కథకై చూడుడు. నవ్వు వచ్చిన నవ్వుడు. రెండవసారి ఒక్క దృశ్యమును ధ్వని లేకుండ చూచి, వెలుగెచ్చటనుండి వచ్చుచున్నది, కెమేరా యెవరి ప్రక్కన నిలిచినది వ్రాసికొనుడు. మూడవసారి అదే దృశ్యమును కన్నులు మూసికొని వినుడు. తరువాత ఈ ప్రశ్నలకు సమాధానములు వ్రాయుడు. ఈ చిత్రము నెవరు, ఎప్పుడు, ఏ కొరతల నడుమ దీసిరి? ఎవరి మనసు మనకు దెలియును? ఎవరి మనసు దెలియదు? చూపక విడిచినది మర్యాదకై విడిచిరా, మరచి విడిచిరా?

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. పిల్లలతో గూడ కూర్చుండి చూడుడు. చూచిన పిమ్మట వారిని మాటలాడనిండు. చిత్రము మంచిదా చెడ్డదా యని మీరే ముందు తీర్పు చెప్పకుడు. ఈ యైదు చిత్రములు నేడు ఇంటిలోనే చూడ వీలున్నవి. వీనిపై అభ్యసించిన కన్ను, నేటి చిత్రములను జూచునప్పుడును మూసికొనదు. అట్టి కన్ను గల బాలుని బెదరించి సినిమాకు దూరముగా నుంచ నక్కరలేదు. ఎవరు ఏమి చూపినను, చూపనిదేదని వాడే యడుగును.